సాయంత్రం వేళ చేతులకొక పని

మద్యం మానేసిన తొలి వారాలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి నా చేతులు. నిద్ర పట్టకపోవడం గురించి, చిరాకు గురించి, ఆకలి మందగించడం గురించి డాక్టర్లు ముందే హెచ్చరించారు గనుక వాటికి నేను కొంత సిద్ధపడే ఉన్నాను. కాని 11 ఏళ్ళ పాటు ప్రతి సాయంత్రం మూత తిప్పడానికీ, గ్లాసులో పోయడానికీ, ఎత్తడానికీ, దించడానికీ అలవాటు పడిన రెండు చేతులు, ఆ పని పోయాక ఎక్కడ ఉండాలో తెలియక కొట్టుమిట్టాడతాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఏడు గంటలయ్యేసరికి అవి వాటంతటవే అలమార వైపు కదిలేవి. అలమారలో ఏమీ లేదని నాకు తెలుసు, ఖాళీ చేసింది నేనే. అయినా చేతులకు ఆ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పటికి ఐదేళ్ళు దాటాయి. ఆ చేతులకు నేను అప్పగించిన పనుల గురించి, అంటే అరిగిపోయిన పెన్సిలు, ఒకవైపు వాడిన కాగితాలు, పిడికెడు మట్టి, పాత వార్తాపత్రికలు, నా సొంత గొంతు, వీటితో నేనూ, తరువాత నాతో కలిసి కూర్చున్న మరికొందరూ చేసిన పనుల గురించి చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. కోలుకునేవారికి కళలు మేలు చేస్తాయని చెప్పేవారు చాలామందే ఉన్నారు. డబ్బు చాలనప్పుడు చవక వస్తువులతో సరిపెట్టుకోవచ్చునని కూడా వారు అంటారు. నా అనుభవం మాత్రం దీనికి తిరగబడి ఉంది. ఆ వస్తువులు చవకైనవి కావడం వల్లనే అవి నాకు పనికి వచ్చాయి. ఖరీదైనవి ఎదురుగా ఉన్న రోజులలో నేను వాటిని ముట్టుకోలేకపోయాను.

అయితే అంతకంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువ మోతాదులో తాగుతున్నవారు ఒక్కసారిగా తమంతట తాము మానేస్తే, తొలి మూడు నాలుగు రోజులలోనే మూర్ఛలు రావచ్చు, మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణమే పోవచ్చు. నిద్రమాత్రలకూ, ఆందోళన తగ్గించే కొన్ని మాత్రలకూ అలవాటు పడినవారి విషయమూ ఇంతే. ఆ దశను డాక్టరు పర్యవేక్షణలోనే దాటాలి. ఆ తరువాత కూడా మద్యం మీద తహతహను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు, నల్లమందు జాతి మత్తు పదార్థాలకు అలవాటు పడినవారికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులు, కౌన్సెలింగ్, తోటివారి సమావేశాలు ఇవన్నీ ఉన్నాయి. పెన్సిలు మూర్ఛను ఆపదు. నేను చెప్పేదంతా, ప్రాణానికి గండం తప్పి మనిషి కుర్చీలో కూర్చోగలిగిన తరువాతి కథ. అలాగే నేను దీన్ని ఆర్ట్ థెరపీ, అంటే కళతో చేసే చికిత్స, అని కూడా పిలవను. ఆ పేరు 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పెట్టినది. క్షయ సోకి శానిటోరియంలో పడి ఉన్న రోజులలో, బొమ్మలు వేసుకోవడం తన మనసును నిలబెట్టిందని గ్రహించి, ఆయన తోటి రోగుల చేత కూడా వేయించాడు. ఇప్పుడది చదువూ శిక్షణా ఉన్న వృత్తి. నాకు ఆ శిక్షణ లేదు. నేను చేసిందీ చేయిస్తున్నదీ ఆ చికిత్సకు పక్కన, దాని నీడన సాగే చిన్న పని.

చికిత్స కేంద్రంలో చేరిన ఐదో రోజునో ఆరో రోజునో కౌన్సెలర్ నా ముందు నాలుగు కాగితాలు పెట్టారు. అవతలి వైపు ఏవో పాత పట్టికలు అచ్చయి ఉన్నాయి, ఇవతలి వైపు ఖాళీ. పక్కన బొటనవేలంత పొడవున్న పెన్సిలు ఉంది.

“నాకు బొమ్మలు రావండి,” అన్నాను.

“బొమ్మ వద్దండి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత గీయండి. అయ్యాక దాని కింద ఇంకొకటి. కాగితం నిండితే చాలు,” అన్నారామె.

గీశాను. తిన్నగా ఒక్క గీత కూడా రాలేదు. చేతి వణుకంతా కాగితం మీదికి దిగి, ప్రతి గీతా రంపపు పళ్ళలా వచ్చింది. నాకు చాలా సిగ్గేసింది, కాగితాన్ని నలిపి పారేయబోయాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసుకుని, మూలన తేదీ వేసి, నా ఫైలులోనే పెట్టారు. తొమ్మిది రోజుల తరువాత మళ్ళీ అలాంటి కాగితమే ఇచ్చి, మళ్ళీ గీతలు గీయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు వదిలేశారు. రెండో కాగితం మీద గీతలు ఇంకా కొంచెం వంకరగానే ఉన్నాయి, కాని పళ్ళు పోయాయి. డాక్టరు రక్తపరీక్షల కాగితం చూపించి కాలేయం కుదుటపడుతోందని చెప్పినప్పుడు నేను తల మాత్రమే ఊపాను. ఈ రెండు కాగితాలను చూసినప్పుడు మాత్రం నమ్మాను.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. మన భాషలో మందు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి, నేను ఆ రెండింటినీ ఏళ్ళ తరబడి కలిపేసుకుని బతికాను. నిద్ర పట్టకపోతే అదే మందు, నలుగురిలో మాట పెగలకపోతే అదే మందు, సాయంత్రం తోచకపోతే అదే మందు. దాన్ని తీసేశాక నిద్రలేమి, బెరుకు, తోచకపోవడం మూడూ ఎక్కడివక్కడే మిగిలిపోయాయి. వాటికి వేరే మందు నా దగ్గర లేదు. ఇది అర్థమైతేనే, మానేసిన మనిషికి చేతినిండా పని ఎందుకు కావాలో అర్థమవుతుంది. మానేయమని చెప్పేవారు తీసేయవలసినదాని గురించే చెబుతారు, తీసేసిన చోట ఏమి పెట్టాలో చెప్పేవారు తక్కువ.

తహతహ ఎలా వచ్చిపోతుందో పరిశీలించినవారిలో అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ముఖ్యుడు. దాన్ని అలతో పోల్చి, అణచివేయాలని చూడకుండా, లొంగిపోకుండా, అది లేచి విరిగి పడేదాకా దాని మీద తేలుతూ ఉండమని ఆయన నేర్పాడు. సాధారణంగా ఆ అల కొద్ది నిమిషాల నుంచి అరగంట లోపు తనంతట తానే తగ్గుతుంది. మాట వినడానికి తేలికగానే ఉంటుంది. కాని ఆ అరగంటలో గడియారం ముల్లు కదలదు. మరి ఆ అరగంటను ఎలా దాటాలి? నాకు దొరికిన సమాధానాలలో అన్నిటికంటే గట్టిది మట్టి.

దీని వెనుక ఒక ఆలోచన ఉంది, అది నాకు తరువాత తెలిసింది. డేవిడ్ కావనా, జాకీ ఆండ్రేడ్, జాన్ మే అనే పరిశోధకులు 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, కోరిక మొదట చిన్న తలపుగా మనసులోకి చొరబడుతుంది. దాన్ని మనం బొమ్మ కట్టి చూసుకుంటున్న కొద్దీ, అంటే గ్లాసు రంగు, దాని చల్లదనం, గొంతులో దిగే మంట అన్నీ మనసులో కళ్ళకు కట్టినట్టు ఊహించుకుంటున్న కొద్దీ, అది యావగా ముదురుతుంది. కాబట్టి బొమ్మ కట్టే ఆ లోచూపునే వేరే పనికి పెడితే యావకు మేత దొరకదు. 2012లో ఆండ్రేడ్ బృందం దీన్ని చాక్లెట్ మీద ఆశతో పరీక్షించింది. పది నిమిషాల పాటు మెత్తని మట్టితో ఆకారాలు చేసినవారికి, ఊరికే మనసును తిరగనిచ్చినవారికంటే చాక్లెట్ మీద ఆశ తగ్గింది. మరో ప్రయోగంలో అంకెలు లెక్కపెడుతూ కూర్చోవడం కంటే మట్టి పనే బాగా పనిచేసింది. చాక్లెట్ మీది ఆశా మద్యం మీది తహతహా ఒకటి కావని నాకు బాగా తెలుసు. అయినా ఆ సంగతి చదివినప్పుడు, నా ఏడు గంటల వేళలో జరిగినదానికి ఎవరో పేరు పెట్టినట్టు అనిపించింది.

నేను చేసేది ఇది. పిడికెడు మట్టిని అరచేతుల మధ్య గుండ్రంగా దొర్లించి, నడిమధ్య బొటనవేలు దించి, అడుగు మిగిలేలా ఆపి, అప్పుడు ముద్దను కొంచెం కొంచెంగా తిప్పుతూ, లోపలి బొటనవేలికీ బయటి వేళ్ళకూ మధ్య గోడను నొక్కుకుంటూ పోతాను. ఒక చుట్టు తిరిగేసరికి గోడ కొద్దిగా పలచబడుతుంది, రెండో చుట్టుకు ఇంకాస్త. మట్టి ఆరుతున్న చోట అంచు సన్నగా పగులుతుంది, అక్కడ తడివేలితో రాస్తే అతుక్కుంటుంది. తడి ఎక్కువైతే మాత్రం గోడ వాలిపోతుంది. మూడో చుట్టు దాటాక గోడ ఎంత పలచగా ఉందో కంటికి తెలియదు, వేళ్ళకే తెలుస్తుంది, ఆ సమయంలో మనసు ఇంకెక్కడికీ పోలేదు, పోతే గిన్నె చేతిలోనే కూలిపోతుంది. గిన్నె పూర్తయ్యాక తల ఎత్తి చూస్తే ఇరవై నిమిషాలో ఇరవై ఐదు నిమిషాలో గడిచి ఉంటాయి. తహతహ పూర్తిగా పోయి ఉండదు, కాని పిడికిలి సడలిన చెయ్యిలా ఉంటుంది. అప్పుడు ఆ గిన్నెను నలిపి మళ్ళీ ముద్ద చేసి, తడిగుడ్డ చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టేస్తాను. ఒకే ముద్ద నాకు ఏడాదిన్నర వచ్చింది. ఎన్ని వందల గిన్నెలు చేశానో లెక్క లేదు, దాచుకున్నది ఒక్కటీ లేదు.

చవకదనం గురించి నేను ఎందుకంత పట్టుదలగా ఉన్నానో ఇక్కడ చెబుతాను. మానేసిన రెండో నెలలో మా అక్క ఎంతో ప్రేమతో ఒక రంగుల పెట్టె, మందపాటి తెల్లకాగితాల పుస్తకం కొనిచ్చింది. నాలుగు నెలల పాటు నేను ఆ పుస్తకంలో ఒక్క గీత గీయలేదు. తెరిచేవాడిని కాదు, తెరిస్తే మూసేవాడిని. అప్పటికే నేను అందరి డబ్బూ, అందరి నమ్మకమూ పాడుచేసి ఉన్నాను, ఆ తెల్లని కాగితాన్ని కూడా పాడుచేసే ధైర్యం నాకు లేకపోయింది. ఒకవైపు వాడిన కాగితం అలా కాదు. దాని పని ఒకసారి అయిపోయింది, దాన్ని ఇంక ఎవరూ పాడుచేయలేరు. తప్పు చేయడానికి అనుమతి ఉన్న చోటనే నా చెయ్యి కదిలింది.

మరో సంగతి డబ్బుకు సంబంధించినది. కోలుకుంటున్న తొలి ఏడాది చాలామందికి చేతిలో డబ్బు ఉండటమే ప్రమాదం, జేబులో నోటు తగిలితే చాలు, తహతహ లేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళు డబ్బు తమ దగ్గర ఉంచుకుంటారు, అది న్యాయమే. అటువంటప్పుడు పని సాగాలంటే ఎవరినీ చెయ్యి చాచి అడగనవసరం లేని వస్తువులే ఉండాలి. తహతహ దుకాణాలు తెరిచే వేళ చూసుకుని రాదు, అర్ధరాత్రి వస్తుంది, ప్రయాణంలో వస్తుంది, బంధువుల ఇంట్లో వస్తుంది. అప్పుడు చేతికి అందేది జేబులోని పెన్సిలు ముక్కే. ఇంకొకటి కూడా చూశాను. కొందరు మానేసిన వెంటనే కొత్త అభిరుచి పేరుతో వాద్యాలు, కెమెరాలు, రంగులు వరసగా కొనేస్తారు. ఆ కొనడంలో ఉన్న ఊపు పాత ఊపుకు దగ్గరి చుట్టం, కొన్న వస్తువు మూలన పడ్డాక వచ్చే దిగులు కూడా పాత దిగులే. అందుకని మా బృందంలోకి ఎవరైనా కొత్తగా వస్తే ఏమీ కొనవద్దని మొదటి రోజే బతిమాలుకుంటాను.

చెయ్యి తిరిగినవారికే మేలు జరుగుతుందన్న భయం కూడా అనవసరం. ఆర్ట్ థెరపీ పరిశోధకురాలు గిరిజా కైమల్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 39 మంది ఆరోగ్యవంతులైన పెద్దవారు 45 నిమిషాల పాటు మట్టితోనో, మార్కర్లతోనో, కాగితం ముక్కలతోనో తోచింది చేశారు. అంతకు ముందూ తరువాతా లాలాజలం పరీక్షిస్తే, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి గుర్తయిన కార్టిసోల్ తగ్గింది, కళలో ముందు అనుభవం ఉన్నవారికీ లేనివారికీ అందులో చెప్పుకోదగ్గ తేడా లేదు. వారెవరూ వ్యసనం నుంచి బయటపడుతున్నవారు కారు, ఒక్క పూట చేసిన పరీక్ష అది, కాబట్టి నేను దాని మీద పెద్ద మేడలు కట్టను. “నాకు బొమ్మలు రావండి” అని చేతులు కట్టుకుని కూర్చున్నవారికి చెప్పడానికి మాత్రం అది చాలు.

రాయడం విషయంలో నేను మరికొంత జాగ్రత్తగా మాట్లాడతాను. కాగితమూ కలమూ ఉంటే చాలు కదా అని, కొత్తగా మానేసినవారిని మనసులోదంతా కక్కేయమని కొందరు ప్రోత్సహిస్తారు. జేమ్స్ పెన్‌బేకర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో చేసిన పేరుపొందిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాధించిన సంఘటనల గురించి రాశారు. జరిగినదాన్నీ దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవారు ఆ తరువాతి నెలలలో వైద్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఈ సంగతి అందరూ చెబుతారు. రాసిన వెంటనే వారి మనసు ఇంకా బరువెక్కిందన్న సంగతి మాత్రం చాలామంది చెప్పరు. విద్యార్థులకు ఆ బరువు ఒక సాయంత్రంతో పోయి ఉండవచ్చు, మానేసి మూడు వారాలయిన మనిషికి ఆ ఒక్క సాయంత్రమే కొంప ముంచవచ్చు. నేను తొలి నెలలో ఒక రాత్రి నాన్న గురించి ఆరు పేజీలు రాసి, తెల్లవారేదాకా వీధి తలుపు దగ్గర చెప్పులు వేసుకుని కూర్చున్నాను. అందుకే తొలి రోజులలో మూడు వాక్యాలే రాయమంటాను. ఇవాళ కంటికి కనబడినది ఒకటి, చెవికి వినబడినది ఒకటి, చేతికి తగిలినది ఒకటి. “కిటికీ ఊచ చల్లగా ఉంది” అన్నంత చిన్న వాక్యం చాలు. పాత గాయాల గురించి రాయడానికి తరువాత చాలా కాలం ఉంది, దానికి పక్కన కౌన్సెలర్ ఉండాలి.

పాట దగ్గర మేలూ ప్రమాదమూ పక్కపక్కనే ఉంటాయి. వ్యసనానికి చికిత్స పొందుతున్నవారి మీద సంగీత చికిత్స ప్రభావం గురించి 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, అంటే అంతవరకు జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి కోక్రేన్ అనే సంస్థ తూచి చూసిన నివేదిక, మామూలు చికిత్సకు దాన్ని జోడించినప్పుడు తహతహ తగ్గడానికీ, చికిత్స మీద ఉత్సాహం పెరగడానికీ అది తోడ్పడవచ్చునని తేల్చింది. కాని ప్రతి తాగుబోతుకూ కొన్ని పాటలు గ్లాసుతో కలిసిపోయి ఉంటాయి. నాకు అటువంటివి ఏడున్నాయి, వాటిని ఒక కాగితం మీద రాసిపెట్టుకుని ఈనాటికీ వినను. ఎంత మంచి పాటలైనా సరే. ఎవరైనా తమ జాబితా తాము వేసుకోవాలి, పక్కవారికి హాయినిచ్చే పాటే మనల్ని గుమ్మం దాటించవచ్చు. వినడం కంటే పాడటం నయమని నా అభిప్రాయం. పాడేటప్పుడు ఊపిరిని పొడుగ్గా వదలక తప్పదు, నలుగురితో కలిసి పాడేటప్పుడు పక్కవారి ఊపిరి కోసం ఆగకా తప్పదు. ఏళ్ళ తరబడి ఒంటరిగా తాగినవారికి ఆ ఆగడం ఒక కొత్త విద్య.

ఇప్పుడు నేను శనివారాలు ఒక చికిత్స కేంద్రంలోని గదిలో ఎనిమిది పదిమందితో గంటన్నర కూర్చుంటాను. కౌన్సెలర్ పక్క గదిలో ఉంటారు. మొదటి పది నిమిషాలు అందరూ మాట్లాడకుండా గీతలు గీస్తారు, ఆ తరువాత ఎవరి పని వారిది. అక్కడి పద్ధతులు కొన్ని నేను తప్పులు చేసి నేర్చుకున్నవే. ఒకసారి ఘాటైన వాసన వచ్చే జిగురు సీసా తెచ్చి బల్ల మీద మూత తీసి పెట్టాను. ఒక కుర్రవాడు ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్ళిపోయాడు, ఆ రోజు తిరిగి రాలేదు. చిన్నప్పుడు తాను పీల్చినది అటువంటి జిగురేనని తరువాత కౌన్సెలర్‌కు చెప్పాడట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి నీళ్ళలో కరిగే జిగురు, నీళ్ళలో కలిసే రంగులు మాత్రమే తెస్తాను. థిన్నర్లు, ఘాటు మార్కర్లు గదిలోకి రావు. బ్లేడులూ రావు. కాగితాన్ని చేత్తోనే చింపుతాము, చింపిన అంచుకు కత్తిరించిన అంచుకు లేని అందం ఒకటి ఉంటుంది.

తాగిన రోజుల నాటి సంఘటనను బొమ్మగా వేయమనే పద్ధతి కొన్ని చికిత్స కేంద్రాలలో ఉంది. తన స్థితిని తాను ఒప్పుకోలేనివారికి అది కళ్ళు తెరిపించవచ్చు. నేను మాత్రం నా బృందంలో దాన్ని చేయించను. సీసాను దాని మెరుపుతో సహా అరగంట సేపు శ్రద్ధగా గీయడమంటే, మనసులో యావకు మేత వేసే బొమ్మనే చేత్తో కూడా వేయడం. ఆ తరువాత ఆ మనిషిని పట్టుకోవడానికి శిక్షణ ఉన్నవారు ఉండాలి.

ఎవరి బొమ్మకూ ఇంకొకరు అర్థం చెప్పకూడదన్నది మా మొదటి నియమం. నల్లరంగు వాడితే దిగులనీ, తలుపు మూసి గీస్తే భయమనీ చెప్పడం చాలా తేలిక, చాలాసార్లు తప్పు కూడా. మెచ్చుకోకూడదన్నది రెండో నియమం, దీన్ని నాకు నేర్పింది అరవై దాటిన ఒక పెద్దాయన. ఆయన మొదటి మూడు వారాలూ పాత వార్తాపత్రికలను పొడుగాటి పీలికలుగా చింపడం తప్ప ఇంకేమీ చేయలేదు. నాలుగో వారం ఆ పీలికలను వేరుచేయడం మొదలుపెట్టారు. అక్షరాలు దట్టంగా ఉన్నవి ఒక కుప్ప, ఫొటోల బూడిదరంగు ముక్కలు ఒక కుప్ప, ఖాళీ అంచులు ఒక కుప్ప. తరువాత వాటిని ఒక పొడవాటి అట్ట మీద నలుపు నుంచి తెలుపు దాకా వరసగా అతికించుకుంటూ పోయారు, ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేనంత నెమ్మదిగా. ఎవరో ఆయన వెనుక నిలబడి “అబ్బ, ఎంత బాగుందండీ” అన్నారు. ఆయన చెయ్యి ఆగిపోయింది, ఆ తరువాత రెండు వారాలు అట్టను ముట్టుకోలేదు. బాగుందన్న మాట వినగానే, ఇక ముందు వేసేది బాగుండకపోతే ఎలా అన్న భయం పట్టుకుందని ఆయనే తరువాత చెప్పారు. అందుకని ఇప్పుడు కంటికి కనబడేదే చెబుతాము. “పీలికలన్నీ ఒకే వైపు చిరిగాయండీ” అంటే చాలు, చూస్తున్నామని వారికి తెలుస్తుంది, తీర్పు చెబుతున్నామన్న భయం ఉండదు.

ఇంట్లోవాళ్ళను మరచిపోకూడదు. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైతే, తాగేవారి కుటుంబాల కోసం అల్‌ఆనాన్ 1951లో వచ్చింది, అంటే ఇంట్లోవారికి కూడా ఒక గది కావాలని ఒప్పుకోవడానికి 16 ఏళ్ళు పట్టింది. నేను మానేశాక కూడా మా అక్క ప్రతి రాత్రీ నా అడుగుల చప్పుడు వింటూ మేలుకునే ఉండేది. ఆ పెట్టెలోని రంగులు చివరికి తనే తీసింది. రాత్రిపూట చిన్న చిన్న గళ్ళు గీసి ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయేది. ఒక రోజు పొద్దున లేచి చూస్తే సగం నిండిన కాగితం మీద తల వాల్చి నిద్రపోతోంది. దుప్పటి తెచ్చి కప్పాను.

మానేసినవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్ళీ జారుతారని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధనా సంస్థ చెబుతుంది. రక్తపోటు, ఉబ్బసం వంటి దీర్ఘకాలిక జబ్బులు తిరగబెట్టడం కూడా దాదాపు ఇలాగే ఉంటుందని ఆ సంస్థే పోల్చి చూపుతుంది. మా గదిలోనూ అంతే. అందుకే ఎవరు రావడం మానేసినా వారి ఫైలును నేను తీసేయను, అలమారలో దాని చోటు దానికే ఉంచుతాను. క్రితం ఏడాది ఒకాయన ఆరు వారాలు కనబడలేదు. ఆసుపత్రిలో పది రోజులుండి, ఒక శనివారం వచ్చి, తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఆయన ఫైలు తీసుకెళ్ళి ముందు పెట్టాను. ఆయన అందులోంచి చివరి కాగితం బయటికి తీసి, దాని మీద సగం దాకా నిండి ఉన్న తిన్నని గీతలను చాలాసేపు చూశాడు. తరువాత పెన్సిలు తీసుకుని, ఆ గీతల కింద ఆ రోజు తేదీ వేసి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక గీత గీశాడు. అది రంపపు పళ్ళలా వచ్చింది. దాని కింద ఇంకొకటి గీశాడు.